థర్మల్ బ్రేక్ అల్యూమినియం ఫ్రేములు: కిటికీలకు మంచి మార్కులు, తలుపు గడపకు మాత్రం కాదు

ఇంట్లోని పాత అల్యూమినియం కిటికీలను, బయటి వైపు తెరుచుకునే ఒక గాజు తలుపును తీయించి, వాటి స్థానంలో థర్మల్ బ్రేక్ (లోపలి లోహాన్నీ బయటి లోహాన్నీ విడదీసే, లోహం కాని అడ్డు) ఉన్న అల్యూమినియం ఫ్రేములు పెట్టించాక, ఎండ తీవ్రంగా ఉన్న రోజులనూ చలి రోజులనూ చూసి రాస్తున్న సమీక్ష ఇది. కిటికీలు తాము చేస్తామన్న పనిని చేస్తున్నాయి. తలుపు రెక్క కూడా చేస్తోంది గానీ, దాని గడప మాత్రం ఆ పనిని మధ్యలోనే వదిలేసింది. ఒకే తయారీదారు, ఒకే రకం సెక్షన్లు (ఫ్రేము చేసే పొడవాటి లోహపు కమ్మీలు), ఒకే బృందం బిగించినా ఈ తేడా ఎందుకొచ్చిందన్నదే కొనబోయేవారికి అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చే విషయమని నా అభిప్రాయం. ఇది ఈ రకం సరుకు మొత్తానికి వర్తించే సంగతి కాబట్టి తయారీదారు పేరు రాయడం లేదు.

ముందుగా ఈ సరుకు అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. అల్యూమినియం తేలికగా ఉంటుంది, చెద పట్టదు, సన్నని ఫ్రేముతోనే పెద్ద గాజును మోయగలదు, దశాబ్దాలపాటు నిలుస్తుంది. అయితే వేడిని ఒక పక్క నుంచి మరో పక్కకు దాటించడంలో దానికి అడ్డే లేదు. ఫ్రేములకు వాడే అల్యూమినియం మిశ్రమలోహం ఉష్ణవాహకతను లెక్కల్లో మీటరుకు, డిగ్రీకి 160 వాట్లుగా తీసుకుంటారు. పీవీసీకి అది 0.17, మెత్తని కలపకు 0.13. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10077 ప్రకారం మామూలు లోహపు ఫ్రేము యు విలువ 5.9, అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే ప్రతి చదరపు మీటరు నుంచీ 5.9 వాట్ల వేడి దాటుతుందని అర్థం. ఈ అంకె ఎలా వచ్చిందో చూస్తే విషయం చాలా స్పష్టంగా తెలుస్తుంది. ఫ్రేము లోపలి ముఖానికి ఆనుకుని ఉండే గాలి పొర ఇచ్చే నిరోధం 0.13, బయటి ముఖం మీది గాలి పొర ఇచ్చేది 0.04, రెండూ కలిపితే 0.17. ఒకటిని 0.17తో భాగిస్తే వచ్చేది 5.9. గాలి పొరల నిరోధంతోనే లెక్క మొత్తం పూర్తయిందంటే, లోహం తన వంతుగా కలిపిన నిరోధం సున్నాయేనన్నమాట. అందువల్ల సెక్షన్ మందం పెంచినా, అల్యూమినియం బదులు దానికన్నా తక్కువ వాహకత ఉన్న ఉక్కును వాడినా పెద్దగా మారేదేమీ ఉండదు. లోపలి లోహానికీ బయటి లోహానికీ మధ్య లోహం కానిది ఏదో ఒకటి అడ్డం పడితేనే ఫలితం కనిపిస్తుంది.

ఫ్రేము కిటికీలో చిన్న భాగమే కదా, గాజు మంచిదైతే చాలదా అన్న ప్రశ్న చాలామంది వేస్తారు. 1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు ఉన్న ఒక కిటికీని తీసుకుందాం. చుట్టూ 9 సెంటీమీటర్ల ఫ్రేము ఉంటే గాజు సుమారు 1.35 చదరపు మీటర్లు, ఫ్రేము 0.45 చదరపు మీటర్లు వస్తాయి. లో-ఈ పూత (వేడి వికిరణాన్ని తగ్గించే పలుచని పూత), ఆర్గాన్ వాయువు ఉన్న డబుల్ గాజు యు విలువ 1.2 అనుకుంటే, డిగ్రీ తేడాకు గాజు నుంచి 1.6 వాట్లు దాటుతాయి. మామూలు అల్యూమినియం ఫ్రేము నుంచి దాటేది 2.65 వాట్లు. విస్తీర్ణంలో నాలుగో వంతు ఉన్న ఫ్రేము, మిగతా మూడు వంతుల గాజుకన్నా ఎక్కువ వేడిని పంపుతోందన్నమాట. ఖరీదైన డబుల్ గాజును మామూలు లోహపు ఫ్రేములో బిగించడం ఎందుకు దండగో ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది. అదే ఫ్రేము యు విలువను 2.2కు తగ్గించగలిగితే దాని నుంచి దాటేది ఒక వాట్‌కు పడిపోతుంది. గాజు అంచు దగ్గర జరిగే నష్టాన్ని కూడా కలుపుకుని చూస్తే, మొత్తం కిటికీ యు విలువ 2.5 నుంచి సుమారు 1.7కు, అంటే మూడో వంతు మేర తగ్గుతుంది. బయట 40 డిగ్రీలు, లోపల 25 డిగ్రీలు ఉన్నప్పుడు ఒక్కో కిటికీ నుంచి 68 వాట్లకు బదులు 45 వాట్లే లోపలికి వస్తాయి.

ఇక సరుకు సంగతి. సెక్షన్‌ను అడ్డంగా కోసిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే నిర్మాణమంతా ఒకేసారి కనిపిస్తుంది. లోపలి వైపు ఒక అల్యూమినియం గొట్టం, బయటి వైపు మరొకటి. రెంటి మధ్య సమాంతరంగా రెండు నల్లని పట్టీలు. ఈ పట్టీలు 25 శాతం గాజునార కలిపిన పాలీఅమైడ్ 66తో, అంటే ఒక రకం నైలాన్‌తో చేసినవి. వాటి ఉష్ణవాహకత సుమారు 0.30, అంటే అల్యూమినియంలో ఐదువందల వంతుకన్నా తక్కువ. పట్టీ అంచు పావురం తోక ఆకారంలో ఉంటుంది. అల్యూమినియం గాడి లోపలి అంచులో ముందుగా సన్నని పళ్లు చెక్కి, పట్టీని అందులోకి జొప్పించి, తరువాత రోలర్లతో గాడి పెదవిని నొక్కి మూసేస్తారు. నా దగ్గరున్న నమూనా ముక్కలో ఆ పళ్లు నల్లని పట్టీలోకి దిగిన గుర్తులు కంటికి కనిపిస్తున్నాయి. ఆ పట్టు సరిగ్గా లేకపోతే ఎండకు, చలికి లోహం సాగి కుదించుకుపోతున్న కొద్దీ రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి జారడం మొదలుపెడతాయి. ఈ జాయింటు జారకుండా నిలిపే కోత బలాన్ని, విడిపోకుండా నిలిపే తన్యతా బలాన్ని పరీక్షించడానికి ఈఎన్ 14024 అనే ఐరోపా ప్రమాణం ప్రత్యేకంగా ఉంది. విక్రేతను ఆ పరీక్ష నివేదిక అడగడంలో తప్పేమీ లేదు.

పట్టీ ఏ పదార్థంతో చేసినదన్న విషయం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చవక సరుకులో రాజీ పడేది ఇక్కడే. చూడటానికి అదే రంగులో, అదే ఆకారంలో పీవీసీ పట్టీలు కూడా దొరుకుతాయి, వాహకత దృష్ట్యా చూస్తే అవి ఇంకా మేలు కూడా. కానీ అల్యూమినియం ఒక డిగ్రీకి మీటరుకు 23 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తే, పీవీసీ దానికి మూడింతలు వ్యాకోచిస్తుంది. గాజునార కలిపిన పాలీఅమైడ్ వ్యాకోచం అల్యూమినియానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండూ కలిసి కదులుతాయి. ఇంకొకటి, పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. నల్లని ఫ్రేము మీద ఎండ నేరుగా పడినప్పుడు ఆ స్థాయికి అది ఎంతో దూరంలో ఉండదు. పాలీఅమైడ్ 66 కరగడానికి 255 డిగ్రీలు దాటాలి. పట్టీలు బిగించిన సెక్షన్‌ను ఆ తరువాత 180 నుంచి 200 డిగ్రీల పౌడర్ కోటింగ్ పొయ్యిలో పెట్టగలగడానికి కారణం అదే. పట్టీలకు బదులు గాడిలో ద్రవ పాలీయురేథేన్ పోసి, అది గట్టిపడ్డాక అడుగునున్న లోహపు వంతెనను కోసి తీసే పద్ధతి కూడా ఉంది; అదీ మంచిదే, కానీ అందులో మధ్య ఎడాన్ని పట్టీల పద్ధతిలో పెంచినంతగా పెంచడం కుదరదు.

ఆ ఎడం ఎంత అన్నదే ఫ్రేము స్థాయిని నిర్ణయిస్తుంది. 14.8 మిల్లీమీటర్ల పట్టీ ఉన్న సెక్షన్‌నూ 34 మిల్లీమీటర్ల పట్టీ ఉన్న సెక్షన్‌నూ ఒకే పేరుతో అమ్ముతారు, రెంటి మధ్య తేడా మాత్రం చాలా ఉంటుంది. నేను ఎంచుకున్నది 24 మిల్లీమీటర్లది. రెండు పట్టీల మధ్య ఖాళీలో గాలి తిరుగుతూ ఉంటుంది, దానికి తోడు వికిరణం ద్వారా కూడా వేడి దాటుతుంది. ఆ ఖాళీలో నురుగు దిమ్మె నింపిన సెక్షన్లు అదే వెడల్పులో ఇంకొంత మెరుగ్గా పనిచేస్తాయి. వెడల్పాటి పట్టీలకు నురుగు కూడా తోడైతే లోహపు ఫ్రేముల యు విలువ ఒకటికి దగ్గరగా రావడం ఇప్పుడు సాధ్యమే, అయితే అవి బాగా లోతుగా, బరువుగా ఉంటాయి, వాటికి తగ్గ కీళ్లు, తాళాలు కావాలి. ఏసీ గానీ హీటరు గానీ రోజులో కొన్ని గంటలే నడిచే ఇంటికి అంతదాకా పోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

వాడకంలో మొదట తెలిసేది చేతికే. పాత ఫ్రేము లోపలి ముఖం మీద ఎండ వేళ అరచెయ్యి ఉంచడం కష్టంగా ఉండేది. కొత్తదాని మీద చెయ్యి హాయిగా నిలుస్తోంది. లెక్క కూడా ఇదే చెబుతుంది: బయట 40, లోపల 25 ఉన్నప్పుడు, ఎండ పడని పక్షంలో, మామూలు లోహపు ఫ్రేము లోపలి ముఖం 36 డిగ్రీలు దాటితే, 2.2 యు విలువ ఉన్న ఫ్రేము ముఖం 29 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎండ నేరుగా పడితే తేడా మరింత పెరుగుతుంది. కిటికీ పక్కన బల్ల వేసుకుని పనిచేసేవారికి గది ఉష్ణోగ్రత అంకెలో రాని సుఖం ఇందులో ఉంది, ఎందుకంటే పక్కనున్న వేడి లోహం నుంచి ఒంటికి తగిలే సెగను ఏసీ గాలి పోగొట్టలేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలవాలనుకునేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి: పౌడర్ కోటింగ్ ఉన్న ముఖం మీద అది సరిగ్గానే చూపుతుంది గానీ, మెరిసే ఉత్త లోహం మీద తప్పు చూపుతుంది, అక్కడ కాగితపు టేపు ముక్క అతికించి దాని మీద కొలవాలి.

చలికాలంలో కనిపించిన మేలు ఇంతకన్నా పెద్దది. గదిలో 21 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం ఉంటే, 10 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ ముఖం మీదనైనా నీరు పేరుకుంటుంది. బయట సున్నా డిగ్రీలుంటే మామూలు లోహపు ఫ్రేము లోపలి ముఖం 5 డిగ్రీలకు దిగిపోతుంది. థర్మల్ బ్రేక్ ఉన్నది 15 దగ్గర ఆగుతుంది. మొదటిదాని మీద నీటి చుక్కలు కట్టి కిందికి కారుతాయి, రెండోదాని మీద కట్టవు. పాత కిటికీల కింది మూలల్లో గోడకు నల్లగా బూజు పట్టడానికి కారణం ఆ నీరే. మూలలు శుభ్రం చేసి కొత్త ఫ్రేములు పెట్టాక అక్కడ బూజు మళ్లీ రాలేదు. కరెంటు ఖర్చులో ఎంత ఆదా అని అడిగేవారికి నేను ముందు ఈ విషయమే చెబుతాను, ఎందుకంటే గోడ సున్నం రాలడం, చెక్క ఉబ్బడం, బూజు వాసన అన్నీ ఆ చెమ్మతోనే మొదలవుతాయి.

గాజు అంచు విషయం క్లుప్తంగా చెబుతాను. డబుల్ గాజు రెండు పలకల మధ్య చుట్టూ ఉండే స్పేసరు మామూలుగా అల్యూమినియందే. ఫ్రేములో లోహాన్ని విడదీసి, గాజు అంచున మళ్లీ లోహపు వంతెన కట్టడం ఎలాంటి పనో చెప్పనక్కర్లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ప్లాస్టిక్ స్పేసరు అడిగి తీసుకోవాలి. ఐఎస్ఓ పట్టికల్లో థర్మల్ బ్రేక్ ఫ్రేము, లో-ఈ గాజు జోడీకి మామూలు స్పేసరుతో అంచు నష్టం డిగ్రీ తేడాకు మీటరుకు 0.11 వాట్లు, మెరుగైన స్పేసరుతో 0.08. మా కిటికీల్లో అది పెట్టించాం, అంచుల వెంబడి చెమ్మ గీత కనిపించడం లేదు.

ఇప్పుడు తలుపు. రెక్క చుట్టూ, పక్క నిలువుల్లో, పైన అడ్డంలో పట్టీలు సక్రమంగానే ఉన్నాయి. గడప మాత్రం లోపలి నుంచి బయటికి ఒకే పలకగా సాగిన ఉత్త అల్యూమినియం. కాలికి తగలకుండా ఎత్తు తక్కువగా ఉండాలి, తొక్కిడికి తట్టుకోవాలి అన్న కారణాలతో చాలామంది తయారీదారులు గడపకు వేరే సెక్షన్ వాడతారు, అందులో పట్టీ ఉండదు. చలి రోజుల్లో ఆ గడప లోపలి అంచు పొడవునా తడి కడుతోంది, ఎండ రోజుల్లో ఒట్టి కాలితో దాని మీద నిలబడలేం. వేడి లెక్కలో అది చిన్న ముక్కే కావచ్చు, కానీ ఆ తడి నేల పలకల కిందికి దిగుతుంది కనుక దీన్ని చిన్న లోపంగా వదిలేయడానికి మనసొప్పడం లేదు. పట్టీ ఉన్న గడపలు ఉన్నాయి, అడిగితే తెప్పిస్తారు. తయారీదారు ఇచ్చిన బొమ్మల్లో తలుపు నిలువుకోత ఒక్కటి అడిగి చూస్తే గడపలో నల్లని పట్టీ ఉందో లేదో క్షణంలో తెలిసిపోతుంది. అమ్మేవారు ఎప్పుడూ చూపించేది పక్క నిలువు సెక్షన్‌నే.

తలుపుల విషయంలో రెండో సమస్య థర్మల్ బ్రేక్ బాగా పనిచేయడం వల్లనే వచ్చేది. బయటి సగం ఎండకు మండుతూ, లోపలి సగం చల్లగా ఉంటే, 2.1 మీటర్ల నిలువులో 40 డిగ్రీల తేడాకు బయటి సగం సుమారు 2 మిల్లీమీటర్లు ఎక్కువ సాగుతుంది. రెండు సగాలూ పట్టీతో గట్టిగా కలిసి ఉన్నాయి కాబట్టి రెక్క విల్లులా వంగుతుంది, తాళం నాలుక గాడిలో సరిగ్గా కూర్చోదు, పైమూల దగ్గర గ్యాస్కెట్‌కు (సందు మూసే రబ్బరు అంచుకు) ఎడం వస్తుంది. ముదురు రంగు తలుపులకు పడమటి ఎండ పడితే ఇది బాగా కనిపిస్తుంది. ఇందుకోసమే లోహపు సగాలు పొడవు దిశలో కొద్దిగా జారడానికి వీలిచ్చే ప్రత్యేక పట్టీలను పెద్ద తలుపుల రెక్కల్లో వాడతారు. మా తలుపు లేత రంగుది, పైన చూరు నీడ ఉంది కాబట్టి వంపు ఇబ్బంది రాలేదు. నీడ లేనిచోట ముదురు రంగు కోరుకునేవారు మాత్రం ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

బిగింపు దగ్గర సరుకు గుణం ఎలా పోతుందో కూడా చూశాను. గోడలో ముందుగా ఉక్కు బాక్స్ ఫ్రేము అమర్చి దాని మీద అల్యూమినియం ఫ్రేమును ఆనించడం చాలాచోట్ల అలవాటు. ఆ ఉక్కు గొట్టం లోపలి సగానికీ బయటి సగానికీ రెంటికీ తగులుతూ ఉంటే వేడి పట్టీని వదిలేసి ఆ దారిన పోతుంది. బయట కిటికీ కింద వేసే లోహపు వాలుపలకను లోపలి సగం దాకా తోసినా అంతే. ఫ్రేముకూ గోడకూ మధ్య సందును సిమెంటుతో కూరడం రెండు విధాలా చెరుపు: వేడి దాటుతుంది, పైగా తడి సిమెంటులోని క్షారం అల్యూమినియాన్ని తింటుంది. ఆ సందులో నురుగు నింపి, లోపలి వైపు గాలి చొరని టేపు, బయటి వైపు సీలెంటు వేయించడమే సరైన పని. గోడకు ఇన్సులేషన్ ఉంటే నల్లని పట్టీ ఆ పొర వరుసలోకి వచ్చేలా ఫ్రేమును నిలపాలి.

ఈ ఫ్రేములు చేయని పనుల గురించి కూడా నిక్కచ్చిగా చెప్పాలి. అవి ఎండను ఆపవు. గాజు మీద చదరపు మీటరుకు 500 వాట్ల ఎండ పడుతూ అందులో సగం లోపలికి వస్తే, పైన చెప్పిన కిటికీ నుంచే సుమారు 340 వాట్లు వస్తాయి. ఫ్రేము వల్ల ఆదా అయిన 23 వాట్లు దాని పక్కన చాలా తక్కువ. ఎండ పడే కిటికీకి ముందు బయటి నీడ, ఎండను తగ్గించే గాజు, ఆ తరువాతే ఫ్రేము. అలాగే గాలి చొరబాటు వేరే విషయం. స్లైడింగ్ కిటికీల్లో బ్రష్ సీలు సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది. గ్యాస్కెట్ మీద రెక్క నొక్కుకుని మూసుకునే కేస్‌మెంట్ రకానికి గాలి బిగువులో ఈఎన్ 12207 ప్రకారం అత్యుత్తమమైన 4వ తరగతి రావడం సులువు. నా మటుకు నేను స్లైడింగ్‌లో థర్మల్ బ్రేక్ కన్నా, పట్టీ కాస్త సన్ననిదైనా సరే, కేస్‌మెంట్‌లో థర్మల్ బ్రేక్‌కే ఓటు వేస్తాను.

పాత ఫ్రేములు మార్చే వీలు లేనివారికి వేడిని ఆపే రంగులంటూ కొన్ని పూతలు అమ్ముతున్నారు. అర మిల్లీమీటరు పూత, దాని వాహకత 0.1 అని ఉదారంగా అనుకున్నా, అది కలిపే నిరోధం 0.005, యు విలువ 5.9 నుంచి 5.7కు వస్తుంది, అంతే. లేత రంగు వేస్తే ఎండను తక్కువగా పీల్చుకుంటుందన్నది నిజం, ఆ మేలు ఏ తెల్ల రంగుకైనా ఉంది. దానికన్నా లోపలి ముఖం మీద కలప లేదా పీవీసీ తొడుగు వేసి అంచులు గాలి చొరకుండా మూయడం, లేదా లోపలి వైపు రెండో కిటికీ అమర్చడం నిజంగా పనిచేసే మార్గాలు. తొడుగు వేసేటప్పుడు దాని వెనక్కి గది గాలి చేరితే లోపల కనిపించకుండా చెమ్మ కడుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

కొనేముందు చేయాల్సిన పరీక్షల్లో నాకు బాగా నచ్చినది మల్టీమీటరుది. మీకు అమ్మబోయే సెక్షన్ నుంచే కోసిన ముక్కను అడిగి, తాజా కోత ముఖం మీద ఒక మొనను లోపలి లోహానికి, రెండో మొనను బయటి లోహానికి ఆనించాలి. నిజమైన థర్మల్ బ్రేక్ అయితే కరెంటు దారి ఉండకూడదు. మీటరు మోగిందంటే ఎక్కడో లోహం కలిసే ఉంది, పైకి కనిపించే నల్లని పట్టీ అలంకారం మాత్రమేనన్నమాట. ఇక కాగితం మీద చూపించే యు విలువ ఫ్రేముదా, గాజు మధ్యదా, మొత్తం కిటికీదా అని అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి, 1.2 అని పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు గాజు మధ్యభాగానిదే.

మొత్తం మీద కిటికీలకు అయిదుకు నాలుగున్నర మార్కులు ఇస్తాను. నురుగు నింపిన సెక్షన్‌ను విక్రేత తనంతట తాను చూపించి ఉంటే ఆ అర మార్కు కూడా తగ్గించేవాణ్ణి కాదు. తలుపుకు మూడు. పట్టీ ఉన్న గడపను తెప్పించి మార్చడానికి విక్రేత ఒప్పుకున్నారు, రెక్క కింది గ్యాస్కెట్ కొత్త గడప ఎత్తుకు సరిపోతుందా లేదా అన్నది కొలతలు తీసుకుంటున్నారు.